నంబరుకూ మైల ఉంటుంది

పెద్దమ్మ పోయిన సంగతి పెద్దమ్మ నంబరు నుంచే నాకు తెలిసింది. ఆ పొద్దున మడికొండలో రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాను. ఫోన్‌లో 'పెద్దమ్మ' అని పడగానే ఎత్తి, "ఏం పెద్దమ్మా, చాయ్ తాగినవా?" అన్నాను. అటు నుంచి వచ్చింది అక్క గొంతు, పెద్దమ్మ కూతురు.

"అమ్మ లేదే. నిద్రల్నే పోయింది. నా ఫోన్ యాడ పెట్టిన్నో సమజైతలేదు, అమ్మ ఫోన్‌తోని చేస్తాన."

ఆ తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. పెద్దమ్మే ఉంటే ఇద్దరినీ కలిపి తిట్టేది. మాటలు అయిపోయాక ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఆమెకు అస్సలు నచ్చదు. "లైన్ ఇడువుండ్రి, అవుతల ఎవలన్న చేస్తాన్రేమో" అనేది.

ఆమె మా అమ్మకు అక్క. ఉద్యోగమంతా వరంగల్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే చేసింది. కొత్త కనెక్షన్లు ఇచ్చే కౌంటర్ ఆమెది. ఇంటికి ఫోన్ రావడమంటే పెళ్లి సంబంధం కుదిరినంత సంబరం ఉన్న రోజులవి. వచ్చినవాళ్లు ఊరికే ఫోన్ అడిగి ఊరుకునేవాళ్లు కాదు. కూడితే తొమ్మిది రావాలని ఒకరు, చివర ఎనిమిది వద్దని ఇంకొకరు. ఒక మిర్చి వ్యాపారి అయితే తన స్కూటర్ నంబరే ఫోన్‌కూ కావాలని పట్టుబట్టి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద నుంచి లేవలేదట. అందరికీ ఆమెది ఒకటే జవాబు. "నచ్చిన నంబరు కాదు సేటూ, ఉన్న నంబరు. తీస్కొని మంచిగ మాట్లాడుకో."

నంబర్లు అయిపోతాయన్న సంగతి నాకు తెలిసింది ఆమె వంటింట్లోనే. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, అంకెలకేం తక్కువ పెద్దమ్మా, రాసుకుంటూ పోవచ్చు కదా అని. ఆమె పప్పు కలుపుతున్న గంటె పక్కన పెట్టి అల్మారాలో స్టీలు డబ్బాలు చూపించింది. "గిట్ల పది డబ్బాలు అనుకో. నంబరు ఏ అంకెతోని మొదలైతే ఆ డబ్బాల ఉంటది. సున్న డబ్బా బయటి ఊర్లకు పోవాల్నంటే కావాలె, ముట్టొద్దు. ఒకటి డబ్బా పోలీసోళ్లకు, ఫైరింజన్‌కు, దవాఖాన బండికి. అదీ ముట్టొద్దు. ఇంక మిగిలినయే ఊరందరికి." అప్పట్లో ఊరి నంబర్లకు ఐదంకెలు. ఒక డబ్బా మూత పెడితే పదివేల ఇళ్లకు ఫోన్ లేనట్టే. స్తంభం ఉన్నా, తీగ ఉన్నా, అడిగేవాళ్లు గుమ్మంలో ఉన్నా, నంబరు లేకపోతే గంట మోగదు. ఆ పూట పప్పు అడుగంటింది. పెద్దనాయన అదే తిన్నాడు.

డబ్బాలు చాలనప్పుడు అంకె పెంచుతారు. ఒక్క అంకె చేరితే పాత ఊరి లాంటి ఊళ్లు ఇంకెన్నో పడతాయి. ఆ అంకె వెనక రాదు, ముందే వస్తుందని, అట్లయితే పాత నంబరు చెదరదని, జనానికి యాదిలో ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం. అందుకే తమ గేటు మీద నంబరు రాయించినప్పుడు పెయింటర్ పక్కనే నిలబడి, "ముంగట జర జాగ ఇడువు తమ్మీ" అంది. వీధిలో దుకాణాల వాళ్లకూ అదే చెప్పింది. వాళ్లు తలూపి, బోర్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అంకెలు నింపేసుకున్నారు. పెద్దనాయన నవ్వేవాడు. "రాని సుట్టానికి పీట ఏస్తాంది మీ పెద్దమ్మ" అని నాతో అనేవాడు.

చుట్టం వచ్చింది. ముందు అంకె చేరిన వారం బజారంతా పెయింటర్లే. కొత్త అంకెను కొందరు బోర్డు చట్రం మీద రాయించారు, కొందరు గోడ మీద. మా పెద్దమ్మ గేటు మీద మాత్రం దాని జాగలో అది దర్జాగా కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె చాలాసేపు గేటు దగ్గరే నిలబడి వచ్చేపోయేవాళ్లను పలకరించింది. తర్వాత గేటుకు రంగు వేయించినప్పుడు ఆ అంకె ముందు మళ్లీ జాగ వదిలించింది. ఈలోపు సెల్‌ఫోన్లు వచ్చాయి, ఇంట్లో ఫోన్ మూలకు పడింది. ఆ జాగ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

పెద్దనాయన పోయినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ అయింది. దినాలు అవగానే ఆయన సెల్ నంబరు బందు చేయించి వచ్చింది పెద్దమ్మ. అక్క భగ్గుమంది. "నాయిన నంబరు నీకు అంత బరువైందా అమ్మా?"

"బరువు గాదు బిడ్డా. నంబర్లు ఉన్నన్నే ఉంటయి. సచ్చినోళ్లయి మనం దాసుకుంట పోతే బతికెటోళ్లకు యాడికెల్లి తెస్తరు?"

"అంటే రేపే ఎవలికో ఇస్తరా?"

"ఇయ్యరు. నంబరుకు గూడ మైల ఉంటది. కొన్ని నెలలు పక్కకు పెడ్తరు. తెల్వక చేసెటోళ్లందరు చేసి చేసి ఆగిపోవాలె గద. మైల తీరినంకనే ఇంకొకలికి."

అక్క ఆమెతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. పెద్దమ్మ మాత్రం ఎప్పుడైనా ఒకసారి ఆ నంబరు నొక్కి, రికార్డు గొంతు విని పెట్టేసేది. ఒకనాడు నేను వెళ్లి అక్కతో కూర్చున్నప్పుడే, అవతల ఎవరో ఎత్తారు. పెద్దమ్మ ఉలిక్కిపడింది.

"రాంగ్ నంబర్ బిడ్డా. ఏ ఊరు మీది?" అని అడిగింది. స్టేషన్ ఘన్‌పూర్ అన్నాడట. "నాట్లు పడ్డయా? పడ్డయా, మంచిది. మంచిగుండుండ్రి. లైన్ ఇడుస్తాన." కొంగుతో కళ్లు తుడుచుకుని మా ఇద్దరి వైపు చూసింది. "ఎత్తిండే. మీ నాయిన నంబరు మల్ల మోగింది." ఆ రోజు అక్క తనే వెళ్లి ఆమెకు చాయ్ పెట్టి తెచ్చింది.

ఇప్పుడు ఆమె నంబరు వంతు. అక్క ఆ ఫోన్‌కు రోజూ చార్జింగ్ పెట్టింది. వంటింట్లో నుంచి తనే ఫోన్ చేసేది, ముందు గదిలో అది మోగితే వింటూ నిలబడేది. నేను చూసీ చూడనట్టు ఉన్నాను. నాకూ అది మోగుతుంటే పెద్దమ్మ లేచి వస్తున్నట్టే ఉండేది. మొన్న రీచార్జ్ గడువు అయిపోతోందని ఆ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అక్క నాకు ఫోన్ చేసి, "జర రావే, ఒక్కదాన్ని పోలేను" అంది.

నంబరు బందు చేయించడానికి ఇద్దరం సిమ్ముల దుకాణానికి వెళ్లాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి నంబరు చూసి, "బాగా పాత నంబర్ మేడం, గిసొంటియి ఇప్పుడు దొరకయి. ఉంచుకోండ్రి" అంది. అక్క సిమ్మును పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. వెనక్కి తిరుగుతుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, తిరిగితే బాగుండుననే అనుకున్నాను.

"ఉంచుకుంటే ఎట్లమ్మా," అంది చివరికి. "ఎవలికన్న కావాలె గద."

సిమ్ము కౌంటర్ మీద పెట్టి, బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఆటోలో అక్క తన ఫోన్ తీసి నాకు చూపించింది. దుకాణానికి బయలుదేరే ముందే పెద్దమ్మ వాట్సాప్ ఖాతా కూడా తీసేసిందట. 'అమ్మ' అన్న పేరు పక్కన, నిన్నటిదాకా పెద్దమ్మ నవ్వుతూ ఉన్న చోట, ఉత్త బూడిదరంగు గుండ్రం ఉంది.

"పేరు తియ్యకు," అంది అక్క. "నీ ఫోన్ల గూడ ఉంచు. మైల తీరనీ. ఇంకొకలికి ఇస్తే వాళ్ల మొహం గీడ్నే వస్తది."

అప్పటి నుంచి రోజుకొకసారి తీసి చూస్తున్నాను. ఇంకా ఎవరి మొహమూ రాలేదు. గేటు మీద ఆమె వదిలించిన జాగలాగే ఆ గుండ్రం ఖాళీగా ఉంది.