మా బావ ఇచ్చిన మందు

మా బావది మందుల షాపు. వీధిలో అందరూ ఆయన్ని "సగం డాక్టరు" అంటారు. వెక్కిరింపుగా పుట్టిన ఆ పేరును ఆయన బిరుదులా మోశాడు. దగ్గుకు ఏ సీసా, నడుం నొప్పికి ఏ ఆయింట్‌మెంటు, అన్నీ నోటికి వచ్చు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అక్క మొగుడని ఊరుకునేవాణ్ణి గానీ, నాకు మొదట్నుంచీ ఒళ్లు మంటే.

మా మేనకోడలికి పదిహేనేళ్లు. పకపకా నవ్వే పిల్ల ఆ ఏడాది మంచం దిగడం మానేసింది. తల దువ్వుకోదు, బడికి వెళ్లదు, కంచం ముందు పెడితే కెలికి వదిలేస్తుంది. మా అక్క తిట్టి చూసింది, బతిమాలి చూసింది, చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మాత్రలు రాసింది, వారంవారం కౌన్సెలింగ్‌కి కూడా రమ్మంది. రెండూ కావాలంది.

ఇంట్లో యుద్ధం మొదలైంది.

"మాట్లాడిస్తే మాట్లాడించు. మందు మాత్రం వద్దు," అన్నాడు బావ. "అవి కొనేవాళ్లని రోజూ చూస్తున్నా. షాపులో ఎవరూ లేనప్పుడు వచ్చి గొణుగుతారు. నా కూతురు కూడా అలా దాక్కుని తిరగాలా?"

"వాళ్లు తిరుగుతున్నారుగా! ఇది మంచమే దిగడం లేదు," అంది అక్క.

బావ మాత్రల పెట్టెలోని కాగితం విప్పి మగత, వికారం, తలనొప్పి అంటూ చదివాడు. నోట్లో నాలుక లేని మా అక్క ఆ రోజు మాత్రం మొండికేసింది. బావ తగ్గాడు. రోజూ తనే దగ్గరుండి ఇస్తానన్నాడు.

ఇచ్చాడు కూడా. పొద్దున్నే ఒక మాత్ర, గ్లాసుడు నీళ్లు. కాకపోతే మందు డబ్బాలో ఆయన పోసినవి విటమిన్ మాత్రలు. మాకెవరికీ తెలియదు. "బలానికే ఇచ్చాను, విషం పెట్టలేదుగా," అన్నాడు తర్వాత. ఆ తెలివిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

పిల్ల నమ్మి మింగింది.

"ఎప్పటికి పనిచేస్తుంది నాన్నా?" అని అడిగేది.

"కాస్త టైం పడుతుందమ్మా."

కౌన్సెలింగ్‌కి వెళ్లి గోడను చూస్తూ కూర్చుని వచ్చేది. గుణం కనబడటం లేదని డాక్టరమ్మ డోసు పెంచింది. బావ ఇంకో విటమిన్ మాత్ర కలిపాడు. కొన్నాళ్లకు పిల్ల అడగడం మానేసింది. నెమ్మదించిందని ఆయన సంబరపడ్డాడు.

ఒక మధ్యాహ్నం నేనూ పక్కింటాయనా కలిసి బాత్రూం తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. సమయానికి చేరాం. పిల్ల దక్కింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది. "ఈ మందు ఆపేసి వేరేది మొదలుపెడదామమ్మా."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడమ్. నాకు ఏ మందూ పనిచెయ్యదు. ఒక్కరోజు కూడా మానకుండా వేసుకున్నా. నాది తగ్గే జబ్బు కాదని తెలిసిపోయింది. అందుకే..."

 

ఎంత పొడుగు మందు పేరైనా గడగడా చెప్పే మా బావ మంచం కమ్మి పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు ఆ మందు వేసుకోలేదమ్మా. నేను... నేనసలు ఇవ్వలేదు."

మా అక్క లేచి చెయ్యెత్తింది, ఎత్తిన చేత్తో తన నోరే మూసుకుంది. పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"అయితే నాన్నా, నాకు తగ్గుతుందా?" అని అడిగింది.