అన్నయ్య డోలు, పెట్టెలోని డోలు

పోయిన ఆదివారం మా ఆడపడుచు మనవరాలు కాకినాడ నుంచి వచ్చింది. ఆఫీసు ఉద్యోగం చేస్తూనే ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని పాటలు తయారుచేసే పిల్ల. మావారు పోయాక అటకెక్కించిన పాత హార్డ్ డిస్కులు కావాలని అడిగి, అన్నం కూడా సరిగా తినకుండా, వాటిని ఒక్కొక్కటే తగిలించి చూసుకుంటోంది. నేను వంటింట్లో పాలు తోడుపెడుతున్నాను. హాల్లోంచి డోలు దెబ్బ వినబడింది. ఒకే ఒక్క దెబ్బ, కాస్త ఆగి ఇంకొకటి, ఈసారి కొంచెం గట్టిగా. గిన్నె గట్టు మీద పెట్టేసి అక్కడే నిలబడిపోయాను. ఆ పిల్ల పరుగున వచ్చి, "అమ్మమ్మా, ఇది ఎవరు వాయించారు? ఇలాంటి శాంపిల్ ఎక్కడా దొరకదు. దీని కింద ఇంకో డ్రమ్ వేసి లేయర్ చేశానంటే అదిరిపోద్ది" అంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఆ లేయర్ చేయడం రాజమండ్రిలో మొదట నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్నని దానికేం తెలుసు? వాయించింది మా అన్నయ్య అని మాత్రం చెప్పి, మళ్లీ వంటింట్లోకి వచ్చేశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, క్యాసెట్లు పోయి సీడీలు వచ్చి, అవీ పోబోతున్న రోజులు. రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు పైన మావారికి చిన్న రికార్డింగ్ గది ఉండేది. బయటి చప్పుడు రాకుండా గోడలకు కొబ్బరి పీచు పట్టాలు కొట్టించారు, వానాకాలంలో అవి చెమ్మ పట్టి గదంతా తడిసిన గోనె వాసన వేసేది. భక్తి పాటలు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు, ఎరువుల ప్రకటనలు, ఏదొస్తే అది చేసేవాళ్లం. కీబోర్డు నాది. మా పుట్టింటిది కోనసీమలో మంగళవాద్యం. నాన్న సన్నాయి, అన్నయ్య డోలు. ఆడపిల్లనని నా చేతికి డోలు ఇవ్వలేదు కానీ, మారాం భరించలేక ఒక పాత హార్మోనియం కొనిచ్చారు. చివరికి అదే నాకు అన్నం పెట్టింది.

కంప్యూటర్లోనే వాద్యాలన్నీ ఉంటాయట అని మావారు ఎక్కడో విని వచ్చి ఒక యంత్రం కొన్నాక మా పని తీరే మారిపోయింది. తాళాలకు, తప్పెటలకు మనుషుల్ని పిలవక్కరలేదు, కీబోర్డు మెట్టు నొక్కితే డ్రమ్ము మోగేది. మోగడమైతే బ్రహ్మాండంగా మోగేది కానీ, అది ఏ ఊరి డ్రమ్మో తెలిసేది కాదు. అందులో ఎన్ని దేశాల వాద్యాలున్నా మన డోలు లేదు, పెళ్లిపాట చేయాలంటే అదే కావాలి. అప్పుడు అన్నయ్యను పిలిచాం.

వేళ్లకు గుడ్డ, పిండి కలిపి చుట్టి ఎండబెట్టిన తొడుగులు కుడిచేతికి వేసుకుని, ఎడమచేత్తో పుల్ల పట్టుకుని, అన్నయ్య ఆ గదిలో కూర్చున్నాడు. ఏసీ వేస్తే తోలు చప్పబడిపోతోందని ఆపించాడు, మేమంతా చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఒక్కో దెబ్బనూ విడివిడిగా కొట్టమనేవారు మావారు: మెల్లగా, కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా. జీవితమంతా దెబ్బ వెనక దెబ్బ గుక్కతిప్పుకోకుండా వాయించినవాడికి ఒక్క దెబ్బ కొట్టి, దాని మోత పూర్తిగా అణిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడం నవ్వులాటగా ఉండేది. అన్నం ముద్ద పెట్టి, అది అరిగాక ఇంకో ముద్ద పెడతారా బావగారూ అని వెక్కిరించేవాడు. అయినా విసుక్కోకుండా అడిగినవన్నీ కొట్టాడు.

వాటిని మెట్టుకు ఒకటిగా అమర్చి వాయించి చూస్తే, వాటి కరుకుదనం ఎంత బాగున్నా, స్పీకర్లో పీలగా వినబడ్డాయి. అందుకని వాటి కిందే కంప్యూటర్లోని పెద్ద డ్రమ్ము ఒకటి వేసి, రెండూ ఒకే క్షణాన మోగేలా జరిపాను. వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, ఇద్దరు మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ వాయిస్తున్నట్టుండేది. సరిగ్గా కుదిరినప్పుడు మాత్రం దెబ్బ అన్నయ్యది, దాని వెనక బరువు యంత్రానిది. నా జన్మలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనిపించేది నాకు.

ఆ మరుసటి ఏడాది అన్నయ్య చూపుడువేలికి పుండు పడింది. చక్కెర జబ్బు అప్పటికే ఉంది. వేళ్ల చివర స్పర్శ ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. తొడుగు కింద వేలు ఒరుసుకుపోతున్నా నొప్పి తెలియక వాయిస్తూనే వచ్చాడు, వదిన తొడుగులు తుడవబోయి నెత్తురు చూసేదాకా. రాజమండ్రి తీసుకొచ్చి డాక్టరుకు చూపించాం. పుండు మానేదాకా తొడుగు వేశారంటే వేలు దక్కదండీ అని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు.

కానీ వైశాఖ మాసం ముహూర్తాలకు అన్నయ్య అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్నాడు. మా మేళగాళ్లలో తాంబూలం అందుకున్నాక వెనక్కి వెళ్లడమంటే పెళ్లి చెడగొట్టడంతో సమానం. వేరేవాళ్లను పంపుదామంటే, ఒకే ముహూర్తానికి ఊరూరా పెళ్లిళ్లు, ఖాళీగా ఉన్న డోలు ఒక్కటీ దొరకలేదు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా! అప్పుడు నాకే తట్టింది, అన్నయ్య దెబ్బలన్నీ నా దగ్గరే ఉన్నాయి కదా అని. అన్నయ్య ఒప్పుకోలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మా అన్నయ్యకు. వదిన ఏడ్చింది, నేను తిట్టాను. ఆఖరికి, మొదటి పెళ్లికి వెళ్లి చూడమన్నాడు.

ఆ పెళ్లి నిడదవోలు దగ్గర ఒక ఊళ్లో, పొద్దుటి ముహూర్తం. అన్నయ్యను రాజమండ్రిలో మా ఇంట్లోనే ఉంచి, కీబోర్డు, లాప్‌టాప్, రెండు స్పీకర్లు వేసుకుని వెళ్లాం. సన్నాయి వాయించే మా చిన్నాన్న పక్కన పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. స్నాతకం దాకా బాగానే నడిచింది, కొందరైతే డోలు ఎక్కడుందా అని వెతుక్కున్నారు కూడా. అప్పుడే పెళ్లికూతురి తాతగారు వచ్చి నా ముందు నిలబడ్డారు. కోపిష్టి మనిషేం కాదు, నన్ను అమ్మా అనే పిలిచారు. "ఏమనుకోకండమ్మా. మేం తాంబూలం ఇచ్చింది మీ అన్నయ్యగారికండి, పెట్టెకి కాదు. మా ఇంట్లో మూడుముళ్లూ పడేటప్పుడు మనిషి చెయ్యి మోగాలండి" అన్నారు. వేలి సంగతి చెప్పాను. పాపం చాలా బాధపడ్డారు. బాధపడుతూనే, ఆ ఒక్క గట్టిమేళానికైనా వచ్చి వెళ్లమని కారు పంపారు.

రాడనే అనుకున్నాను. కారు దిగేటప్పటికే తొడుగులు వేసుకుని ఉన్నాడు. పుండుకు కట్టిన కట్టు మీదే తొడుగు ఎక్కించుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "నన్నే కావాలన్నారంట కదే చెల్లీ!" అన్నాడు. పురోహితుడు చెయ్యెత్తగానే మొదలుపెట్టాడు. గట్టిమేళం ఎందుకో మీకు తెలుసు కదా, తాళి కట్టే వేళ తుమ్ముగానీ అశుభపు మాటగానీ ఎవరి చెవినా పడకూడదని. ఆ రోజు ఏ మాటా ఎవరి చెవినా పడలేదు. నేను వద్దు వద్దని అరుస్తున్నది కూడా. అక్షింతలన్నీ పడి జనం తేరుకున్నాక, మేళం ఆపి తొడుగులు తీసుకుంటూ, చూపుడువేలి తొడుగు తడిగా ఉందేమిటా అని చూసుకున్నాడు.

మిగిలిన తాంబూలాలూ ఆయనే తీర్చాడు. ఒక ఇంటికి వెళ్లి ఇంకో ఇంటికి వెళ్లకపోతే ఎలాగన్నాడు. ఆషాఢంలో వేలు తీసేశారు, ఆ తరువాత దాని పక్కది, ఆ పైన చీము ఎక్కి సగం అరచెయ్యి. డోలును గుడ్డతో చుట్టి వదిన మంచం కింద పెట్టింది.

ఒకసారి పరీక్షలకని రాజమండ్రి వచ్చినప్పుడు, మా గదిలో కూర్చుని తన డోలు వినిపించమన్నాడు. లేయర్ చేసిన పాటలన్నీ పెట్టాను. మంచి చేతితో తొడ మీద దరువేస్తూ విన్నాడు. కాసేపటికి, "ఆ కిందున్నది తీసేయమ్మా, నాది ఒక్కటే పెట్టు" అన్నాడు. నాకు ఇష్టం లేదు, అది ఎలా ఉంటుందో తెలుసు. తప్పక తీసేశాను. ఆ గదిలో పీలగా, ఎండు చెక్క మీద కొట్టినట్టు, దెబ్బ వెనక దెబ్బ. "ఇంతేనా నేను?" అన్నాడు. కాదని, మైకులో అలా వస్తుందని, ఎన్నో చెప్పాను. తల ఊపాడు. మళ్లీ ఆ గదికి రాలేదు. జబ్బు కాలికి దిగి, మూత్రపిండాలకు ఎక్కి, రెండేళ్లు తిరగకుండానే పోయాడు.

ఇప్పుడు పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు చూస్తూనే ఉన్నాను. ఫంక్షన్ హాల్లో మైకు సెట్టు అతను ఒక చేత్తో కాఫీ తాగుతూ, రెండో చేత్తో ఫోను నొక్కుతాడు, గట్టిమేళం మోగుతుంది. డోలు ఏదీ అని ఎవరూ వెతకరు. తాంబూలం ఎవరికిచ్చామని ఏ తాతగారూ లేచి అడగరు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఈ పెద్దమనుషులే ఆనాడు కూడా ఇలాగే సర్దుకుపోయి ఉంటే ఏం పోయేది అని లోపల్లోపల కుతకుతలాడేదాన్ని. వయసు మీద పడ్డాక ఆ కోపం కూడా నిలవడం లేదు. ఆనాడు కారు దిగుతున్న అన్నయ్య ముఖమే కనబడుతుంది. ఈ రోజుల్లో అయితే ఆయన చెయ్యి ఆయనకు దక్కేది. అయిదు వేళ్లూ చక్కగా ఉంచుకుని, వైశాఖమంతా ఇంటి గుమ్మంలో కూర్చుని ఉండేవాడు. ఆయనే కావాలని కారు పంపేవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండేవారు కాదు.