అయిదు ముద్రల కాగితం

ఓడ కంపెనీవారు ప్రయాణికులకు పంచే కరపత్రం ఒకటి నా బీరువాలో ఉంది. మా ఊరిని ఆరు గంటలలో సంపూర్ణంగా చూడవచ్చునని అందులో అచ్చువేశారు. ఇక్కడి రేవు కార్యాలయంలో నలభై ఏళ్లు పనిచేసి, సగం వీధులు నేటికీ చూడని నాకు ఆ వాక్యం చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆ ఆరు గంటల బరువును ఇరవై రెండేళ్లుగా మోస్తున్నది మా చెల్లెలి కూతురు. ఓడ దిగినవారికి ఊరు చూపించడం ఆమె వృత్తి. జనం తప్పిపోకుండా ఎత్తిపట్టుకునే పచ్చగొడుగు వల్ల రేవులో అందరూ ఆమెను గొడుగక్క అంటారు.

తక్కిన గైడ్లు ప్రయాణికుల ముఖాలు చూసి నవ్వుతారు. ఈమె ముందుగా వారి పాదాలు చూస్తుంది. మెత్తని బూట్లవారు ఎందరు, ఎత్తు మడమల చెప్పులవారు ఎందరు, ఎవరి చీలమండ వాచి ఉంది అన్నది గమనించిన తరువాతనే ఆనాటి దారి నిర్ణయిస్తుంది.

పర్యాటక కార్యాలయంవారి పద్ధతి వేరు. ప్రతి బృందానికీ ఏడు గళ్ల కాగితం ఒకటి ఇస్తారు. ఏడు స్థలాల కాపలాదారులు అందులో ఏడు ముద్రలు వేయాలి. ఏడాదిలో మూడు కాగితాలలో గళ్లు ఖాళీగా మిగిలితే గైడు కార్డు అధికారి చేతికి పోతుంది. ఆపైన ఉంచడమో తీసివేయడమో ఆయన ఇష్టం. ఊరు చూపించడాన్ని ముద్రల సేకరణగా మార్చిన ఆ మహానుభావుడెవరో నాకు తెలియదు గాని, ఆ ఉత్తర్వు ప్రతి మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. మా మేనకోడలివి ఈ ఏడాది, మొన్నామధ్య ఒక ఓడ వచ్చేనాటికే, రెండు కాగితాలు లోపంతో వెళ్లాయి.

"ఇవాళ ఏడూ పడాల్సిందే మావయ్యా," అంది ఆ ఉదయం మా గుమ్మం ముందు నుంచి వెళుతూ. "పడకపోతే రేపట్నుంచి మీ కాగితాల దుమ్ము దులిపే ఉద్యోగం ఇప్పించండి."

"దానికి అర్హతలుండాలి," అన్నాను.

తరువాతి సంగతి ఆమె నోట విన్నదే. ఆనాటి బృందంలో తొమ్మిదిమంది. ఒక పెద్దాయన బూట్లు చూసి ఆమె మోసపోయింది. కొత్తవి, దిట్టమైనవి, తళతళలాడుతున్నవి. ఇక భయం లేదని మెట్ల దారి పట్టింది. నాలుగో ముద్ర పడేసరికి ఆయన మాటలు తగ్గాయి. అయిదో చోట గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏంటి బాబాయ్‌గారూ, కాలు నొప్పా?"

"అబ్బే, ఏం లేదమ్మా. గోడ బాగుందని చూస్తున్నా."

"ఈయనకు గోడలంటే ఎప్పట్నుంచో ఇంత ప్రేమ!" అంది భార్య. "ఒక సైజు పెద్దవి కొనుక్కోండని కొట్లోనే మొత్తుకున్నాను. వింటేనా! నా పాదం సంగతి నాకు తెలీదా అన్నారు."

మేజోడు విప్పి చూస్తే మడమ తోలు లేచిపోయి ఉంది. ఇంకా మ్యూజియం, కోట బురుజు మిగిలాయి. మూడున్నరకు అందరూ ఓడ దగ్గర ఉండాలి. ఆమె అవస్థ గమనించిన కాపలాదారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ రెండు చోట్లా ఉన్నది మనవాళ్లే అక్కా. కాగితం ఇటివ్వు, ముద్రలు వేయించుకొస్తా. ఎవరు చూడొచ్చారు?"

"చూడని చోటికి ముద్రెందుకయ్యా?" అందామె.

ఆ దంపతులను బెంచీ మీద కూర్చోబెట్టి తక్కినవారితో పరుగెత్తితే ఏడూ పడేవి. ఆ ఆలోచన వచ్చిన మాట నిజమేనని ఆమే ఒప్పుకుంది. కాని వారికి ఈ ఊళ్లో ఉన్నది ఆ ఒక్కరోజే. దానిని బెంచీ మీద గడపమనడానికి ఆమెకు నోరు రాలేదు. తొమ్మిదిమందినీ వెంటబెట్టుకుని పల్లపు సందులోని చెప్పులు కుట్టే ఆయన దుకాణానికి దారితీసింది.

దుకాణదారు బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాదం పెద్దదా, బూటు చిన్నదా?"

"పంతం పెద్దది," అంది భార్య.

తోలు తడిపి, లోపల చెక్క అచ్చు దిగ్గొట్టి, సాగేదాకా నలభై నిమిషాలు ఆగమన్నాడు. అందరూ మెట్ల మీద కూర్చున్నారు. ఎదురింటావిడ టీ పోసింది. సందు చివర, ఆరబెట్టిన దుప్పట్ల నడుమ, తాము దిగి వచ్చిన ఓడ బొమ్మంత కనిపిస్తోంది. ఒకావిడ తన చేతిసంచీ తెగిన పట్టీ ఇచ్చి, సూది తోలులో ఎలా దిగుతుందో చివరిదాకా చూసింది. ఎవరూ వాచీ చూసుకోలేదు.

రేవు గేటు దగ్గర అధికారి కాగితం అందుకున్నాడు.

"అయిదేనా? ఇది మూడోసారి కదమ్మా! మిగతా టైమంతా ఏం చూపించావు?"

"బూటు సాగదీయడం చూపించానండీ."

"భలేగా ఉందండీ!" అన్నాడు ఓడ మెట్లెక్కబోతున్న పెద్దాయన వెనుదిరిగి, కాలెత్తి చూపిస్తూ. అధికారికి నవ్వాగలేదు. కార్డు రద్దు చేయకుండా, రాబోయే రెండు ఓడలకు ఆమెను పనికి రావద్దని చెప్పి వదిలేశాడు.

నవ్వి మరీ శిక్ష వేయడమేమిటి? ఆ రాత్రే నాలుగు పుటల అర్జీ, పదకొండు జతపత్రాలు సిద్ధం చేశాను. మర్నాడు ఆమె అంతా చదివింది.

"చాలా బాగా రాశారు మావయ్యా. కానీ ఇప్పుడే ఇవ్వకండి."

"ఎందుకివ్వకూడదు?"

"గురువారం ఓడొస్తుంది. ఓడొచ్చిన రోజున నేను ఖాళీగా ఉన్నదెప్పుడు? లైట్‌హౌస్ పైకి ఒక్కసారీ ఎక్కలేదు, తెలుసా! ఎక్కలేనివాళ్లకు తోడుగా కింద కూర్చోవడంతోనే సరిపోయింది. మా ఆయన చేత సెలవు కూడా పెట్టించాను."

అన్యాయాన్ని వాయిదా వేయడం నా స్వభావం కాదు. అయినా తేదీ వేయకుండా అర్జీని కవరులో ఉంచాను. గురువారం ఆమె మూడు గంటలసేపు లైట్‌హౌస్ పైనే ఉన్నదట. కిందికి దించడానికి కాపలాదారు రెండుసార్లు కేకవేయవలసి వచ్చిందట.