ఓటు సిరా పడ్డ పొందూరు చీర

ఆ చీర మా అత్తగారు దేనికోసం దాచుకున్నారో ముందే తెలిసి ఉంటే, ఎన్నికల డ్యూటీకి కాదు కదా, పెళ్ళికి కూడా కట్టుకెళ్ళేదాన్ని కాదు. తెలిసేసరికి దాని కుచ్చిళ్ళ దగ్గర అరచెయ్యంత నల్లమరక కూర్చుంది. అలా కూర్చోవడానికి సిరా కంటే నా తెలివితేటలే ఎక్కువ సాయం చేశాయి.

మరకల విషయంలో నాకు కాస్త గర్వం. చోడవరంలో మా వీధిలో ఏ పిల్లాడి యూనిఫాం జేబులో పెన్ను కక్కినా, ఆ చొక్కా మా గుమ్మం దగ్గరికే వచ్చేది. బాల్ పెన్ను మరకైతే అడుగున పాత తువ్వాలు పరిచి, కరోనా రోజుల్లో కొని మిగిలిపోయిన శానిటైజర్ దూదికి అద్ది, మరక వెనక వైపు నుంచి ఒత్తాలి. రుద్దకూడదు. రుద్దితే గోరంత మరక కొండంత అవుతుంది. ఇంకు పెన్ను మరకైతే పాలలో నానబెట్టి, ఆ తర్వాత సబ్బు. తుప్పు మరకైతే నిమ్మకాయ, ఉప్పు. పసుపు మరకైతే ఉతికి ఎండలో పడేస్తే ఎండే తినేస్తుంది. బడిలో చెప్పే పాఠాల కంటే ఈ పాఠాలే నేను ఎక్కువ ఇష్టంగా చెప్పేదాన్ని. వీధంతా మెచ్చుకునేది. మా అత్తగారు మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. ఆ కడుపుమంట నాకు లోపల ఉండేది.

మొన్నటి ఎన్నికలకి ట్రైనింగు పెట్టిన రోజున, ఎండకీ, చెమటతో ఒంటికి అతుక్కుపోయిన సింథటిక్ చీరకీ కళ్ళు తిరిగి బెంచీ మీద ఒరిగిపోయాను. తోటి టీచర్లు మజ్జిగ తాగించి ఆటో ఎక్కించారు. డ్యూటీకి బయల్దేరే రోజు మళ్ళీ అలాంటి చీరే కట్టబోతుంటే, అత్తగారు వచ్చి మడత విప్పని పొందూరు ఖద్దరు చీర ఒకటి మంచం మీద పడేశారు. పాలమీగడ రంగు, సన్నటి ఎర్ర అంచు. కలరా ఉండల వాసన గుప్పుమంది.

"ఆ రబ్బరు గుడ్డ అవతల పారీ. ఇది కట్టుకెళ్ళు," అన్నారు.

"కొత్తదిలా ఉంది కదత్తయ్యా. పాడైపోతే?"

"సీర కోసం మనిసా, మనిసి కోసం సీరా? కట్టుకో."

నేను మళ్ళీ పడిపోయి మంచం ఎక్కితే వంట తన నెత్తిన పడుతుందని ఆవిడ భయం కాబోలు అనుకున్నాను. నా బుద్ధి అప్పుడు అంతవరకే వెళ్ళింది.

మా పోలింగు రోలుగుంట వైపు ఒక పల్లెటూరి బడిలో. వచ్చినవాళ్ళ ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టడం నా పని. సిరా సీసాని ఇసుక పోసిన గిన్నెలో గుచ్చి నిలబెట్టమని ట్రైనింగులో ఒకటికి రెండుసార్లు చెప్పారు. నేనూ నిలబెట్టాను గానీ, ఇసుకలో కాదు, ఖాళీ టీ కప్పులో. ఇసుక కోసం ఇప్పుడెవరు లేస్తారులే అని బద్ధకించాను. పొద్దుటి నుంచీ ఏమీ కాలేదు. సాయంత్రం వరస చివర్లో ఒక ముసలాయన వేలు చాపబోయి తూలి, బల్ల పట్టుకున్నాడు. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. కప్పు, సీసా కలిసి నా ఒళ్ళో పడ్డాయి.

సిరా చీర దాటి, లంగా దాటి మోకాలి మీద చల్లగా తగిలింది. ముసలాయన తన వేలు చూసుకుని, నా ఒళ్ళు చూసి, "మాకు ఏలికే రాసేరు, నీకు కాలంతానేటమ్మా," అన్నాడు. వరసలో వాళ్ళు నవ్వారు. రెండో సీసా తీసి పని కానిచ్చాం.

మర్నాడు తెల్లవారుతుండగా ఇల్లు చేరాను. ఒళ్ళు హూనమై ఉన్నా ముందు చీర తీశాను. మరక వంగపువ్వు రంగులో ఉంది, అంచులు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి. తువ్వాలు పరిచి శానిటైజర్‌తో ఒత్తితే ఆ ఊదారంగంతా తువ్వాలికి దిగిపోయింది. ఓస్, ఇంతేనా అనుకున్నాను. మిగిలిన కాస్త నీడకి నిమ్మకాయ పిండి, గుప్పెడు ఉప్పు పట్టించి నానబెట్టాను. జాడించి చూస్తే మరక ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ తడి చీర పట్టుకుని అత్తగారి ముందుకి వెళ్ళాను. జరిగిందంతా చెప్పి, "చూడండత్తయ్యా, జనమంతా నెల్లాళ్ళు రుద్దినా పోని ఓటు సిరా. నా దగ్గర గంట ఆగలేదు," అన్నాను.

ఆవిడ కళ్ళు చికిలించి చూశారు. "ఆరనీ. తడి గుడ్డ అన్నీ దాస్తాది," అన్నారు.

ఒళ్ళు మండింది. ఈ మనిషి నోటి వెంట మంచి మాట రాదా అనుకుంటూ మేడెక్కాను. ఎక్కడైనా కాస్త జాడ మిగిలితే పసుపు మరకని తిన్నట్టే ఎండ తినేస్తుందని, ఆ భాగం సరిగ్గా సూర్యుడికి ఎదురుగా వచ్చేలా ఆరేశాను. గాలికి మడత పడకుండా రెండు క్లిప్పులు కూడా పెట్టాను. వచ్చి పడుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలుతోంది. మేడ మీదకి వెళ్ళి చీర చూసి అలాగే నిలబడిపోయాను. అరచెయ్యంత నలుపు. కాకి ఏదైనా పడేసిందా అనుకున్నాను. ఎవరైనా మసిచేత్తో పట్టుకున్నారా అనుకున్నాను. దగ్గరికెళ్తే, పొద్దున్న నేను పోగొట్టిన మరక ఏ ఆకారంలో ఉందో అదే ఆకారం. అప్పటి ఊదారంగు లేదు, పెనం అడుగులాగా ఉంది. కిందికి తెచ్చి మళ్ళీ శానిటైజర్, పాలు, టూత్‌పేస్టు, గోళ్ళ రంగు తీసే నీళ్ళు, ఇంట్లో ఉన్నవన్నీ అయ్యాయి. మరక చెక్కు చెదరలేదు.

మా బడిలో సైన్సు చెప్పే మేష్టారికి ఫోన్ చేశాను.

"ఉప్పు గానీ వేశారా మేడమ్?" అని అడిగారాయన.

"వేశాను."

"ఎండలో ఆరేశారా?"

"ఆరేశాను."

"అందులో వెండి ఉంటుంది మేడమ్. సిల్వర్ నైట్రేటు. ఉప్పు తగిలితే అక్కడే అతుక్కుపోతుంది, ఎండ తగిలితే నల్లబడుతుంది. ఊరికే నీళ్ళతో జాడించి నీడన పడేసి ఉన్నా ఇంత ముదిరేది కాదేమో," అన్నారు.

నేను ఎక్కడ తప్పు చేశానో కాదు, ఎక్కడ చెయ్యలేదో వెతుక్కోవాల్సి వచ్చింది. వీధిలో అందరికీ నేర్పిన విద్యే నా చీర మీద, కాదు, ఆవిడ చీర మీద తిరగబడింది. కొత్తది కొనిచ్చేస్తే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకుంటుండగా మావారు తోట నుంచి వచ్చారు. కాళ్ళు కడుక్కుంటూ బకెట్టులో చీర చూసి ఆగిపోయారు.

"ఇది అమ్మ పెట్టె అడుగున సీర కదే. నీకెలాగొచ్చింది?"

"అత్తయ్యే ఇచ్చారు. ఏం?"

"అది తను పోయేక కట్టమని దాసుకుంది. నాన్న పోయినప్పుడు కొత్త బట్ట కోసం అనకాపల్లి పరిగెట్టేం, అందాకా పెద్దోళ్ళు ఆయన్ని కదపనీలేదు. నాకోసం అలాగ పరిగెట్టకండొరే అని, తర్వాత ఏడాది తనే కొని తెచ్చుకుంది."

బకెట్టు పక్కనే కూలబడ్డాను. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి ఆ సంగతి నాకు తెలియకపోవడం ఒక ఎత్తు, తెలియకుండా దాన్ని ఇలా చెయ్యడం ఒక ఎత్తు.

అత్తగారు పెరటి అరుగు మీద చింతపండు గింజ తీస్తున్నారు. చీర ఆవిడ ఒళ్ళో పెట్టి, "పాడు చేసేశానత్తయ్యా. దేనికోసం దాచుకున్నారో నాకు తెలీదు," అన్నాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుని చీర విప్పారు. మరకని గోటితో గీకారు. ముందురోజు ఓటేసి వచ్చిన ఆవిడ వేలి మీదా అదే నలుపు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.

"ఇంక పోదా?"

"పోదంట. అందులో వెండి ఉందంట."

"పోన్లే. ఏ కోడలు అత్తని ఎండి సీర కట్టి పంపుతాది," అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ మరకని తడుముతూ, "ఇది ఉన్నోల్ని రెండోసారి రానివ్వరు కదేటి?" అని అడిగారు.

"రానివ్వరు."

"మరింకేటి. నన్నూ ఈ బూమ్మీదకి రెండోసారి పంపరు. నాకూ మళ్ళీ రావాలని లేదు."

మేడ మీద చీర చూసి అదిరిపడ్డాననుకున్నాను. ఈ మాటతో పోలిస్తే అది ఏపాటిది. "మా మీద అంత విసుగొచ్చిందా అత్తయ్యా?" అన్నాను.

"మీ మీద కాదే. ఒకసారి సాలు," అన్నారు, ఇంకాస్త కూర వెయ్యనా అంటే వద్దన్నట్టు.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "మరి తెలిసి తెలిసి ఈ చీర నాకెందుకిచ్చారు?"

"నువ్వు బెంచీ మీద పడిపోయేవని ఆటోవోడు సెప్పేడు. నా మిగతా నూలు సీరలన్నీ సిరుగులు. పదిమందిలో కూకునేదానివి, అవెలాగ కడతావు? ఇదొకటి పెట్లో ఊరకనే ఉంది," అంటూ ఆవిడ చీరని మరక పైకి వచ్చేలా మడత పెట్టి నా చేతికిచ్చారు, పెట్టెలో పెట్టెయ్యమని. చింతపండు మళ్ళీ ముందుకు లాక్కున్నారు.

"సచ్చేక నాకు సెమట పడతాదేటే?"