ఊడ్పుల చేలో పది ఆజ్ఞలు

మోషేగారికి కొండ దొరికింది, దెందులూరులో మా అత్తగారికి బురద దొరికింది. సర్కారు బడి లెక్కలు నేర్పుతుంది, పది ఆజ్ఞలు మాత్రం ఇంట్లోవాళ్లే నేర్పాలని పాదిరిగారు తేల్చేశారు. దాంతో ఆవిడ మా అమ్మాయిని ఊడ్పులకు తీసుకెళ్లి, వరసకొక ఆజ్ఞ చొప్పున నూరిపోశారు.

గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనంలో చేర్చుకునే ముందు పాదిరిగారు అడిగితే పిల్ల నోరు పెగల్లేదు.

"వంగమనండి అయ్యగారూ, వచ్చేస్తాయి" అన్నారు అత్తగారు.

పిల్ల వంగి, నాటేవాళ్లలాగే వెనక్కి నడుస్తూ, పదీ అప్పజెప్పేసరికి గుడి దాటి వీధిలో తేలింది.

"దేవుడి మాట నిలబడి చెప్పాలమ్మా. వచ్చే ఏడాది చూద్దాం" అన్నారాయన.

నాకు కొల్లేరంత కోపం పొంగింది. అత్తగారు మాత్రం మెల్లగా అన్నారు: "మమ్మల్నే కదండీ నేర్పమన్నారు. మా ఇంట్లో నిలబడి చేసే పనేదీ లేదండీ."