లాయి పెద్దయ్యకు ఏదీ బాగుండదు

లాయి కిమ్-చుయ్ పెద్దయ్య పదకొండేళ్ళపాటు ఒకే కొట్టులో భోంచేశాడు, పదకొండేళ్ళూ ఆ భోజనాన్ని తిట్టాడు. తినడం ఒక్క పూట మానలేదు, తిట్టడం అసలే మానలేదు.

ఆ కొట్టు షూలాన్‌ది. తైవాన్ దక్షిణాన తైనాన్ ఊళ్ళో చేపల బజారు వెనక వీధి. ఆరు స్టీలు బల్లలు, ఎర్ర ప్లాస్టిక్ పీటలు, గోడకో పంకా, వీధివైపు రెండు పెద్ద డేగిసాలు. ఒకదాంట్లో పంది మాంసం సోయా పులుసులో పొద్దుటినుంచీ సన్నసెగ మీద ఉడుకుతుంటుంది. దాన్ని వేడన్నం మీద పోసి ఇస్తారు. రెండోదాంట్లో పాలబొంత చేపల చారు, పైన అల్లం చీలికలు. ఇవిగాక ఆల్చిప్పల అట్టు ఉంటుంది. వంద తైవాన్ డాలర్లు పట్టుకుని వస్తే కడుపు నిండి, చిల్లర కూడా మిగులుతుంది.

మొదటిరోజే ఆయన చారు గిన్నెలోకి తొంగిచూసి, "ఇది చారా, చేప స్నానం చేసిన నీళ్ళా?" అన్నాడు.

"స్నానం చేసిన నీళ్ళయితే నురగ ఉండాలిగా పెద్దయ్యా?" అంది షూలాన్.

"సబ్బు కొనే స్తోమత లేని చేప అయ్యుంటుంది."

అలా అని ఊరుకుంటే బాగుండేది. గిన్నె ఎత్తి, ఆఖరి చుక్కదాకా తాగి, అడుగున మిగిలిన అల్లం ముక్కను కూడా తినే పుల్లలతో వేటాడి పట్టుకుని నమిలాడు. షూలాన్‌కు ఒళ్ళు మండింది అక్కడే. బాగులేకపోతే వదిలేయాలి, తిన్నవాడు నోరు మూసుకోవాలి. ఈయన రెండూ చెయ్యడు. తింటున్నంతసేపూ ఆ మొహం చూస్తే ఎక్కడో దగ్గరి బంధువు పోయిన కబురు వింటున్నట్టుంటుంది.

పెద్దయ్య ముప్పయ్యెనిమిదేళ్ళు సోయా సాస్ కార్ఖానాలో రుచి చూసే ఉద్యోగం చేశాడు. రోజుకు నలభై జాడీల సాస్ నాలుక మీద వేసుకోవడం, ఉమ్మెయ్యడం, 'బాగులేదు' అని రాసి సంతకం పెట్టడం. కార్ఖానావాళ్ళు ఆయనకు దండ వేసి ఇంటికి పంపారు గాని, ఉద్యోగం అయిపోయిందన్న సంగతి ఆ నాలుకకు ఎవరూ చెప్పలేదు. షూలాన్ దగ్గరికి రాకముందు మూడు కొట్లవాళ్ళు ఆయన్ని తరిమేశారు. నూడుల్స్ కొట్టాయనైతే కూరలు తరిగే చెక్క పట్టుకుని వీధి మలుపుదాకా వెంటపడ్డాడు. తరమలేని మొహమాటస్తురాలు దొరికేసరికి పెద్దయ్య అక్కడే స్థిరపడ్డాడు.

ఒకసారి తైపేనుంచి నలుగురు అమ్మాయిలు వచ్చి, మాంసం అన్నం గిన్నెకు నాలుగువైపులనుంచీ ఫోటోలు తీసుకుంటున్నారు.

"తీసుకోండి, తీసుకోండి. రేపు పోలీసులు అడిగితే ఆధారంగా పనికొస్తాయి" అన్నాడు పక్కబల్లనుంచి.

ఆ పిల్లలు బిక్కచచ్చిపోయి షూలాన్ వంక చూశారు. షూలాన్ గరిటె చూపిస్తూ, "ఆయన మాట పట్టించుకోకండమ్మా. పుట్టినప్పుడు వాళ్ళమ్మ పాలలో కూడా వంక పెట్టే ఉంటాడు" అంది.

"పలచన" అన్నాడు పెద్దయ్య, అన్నం నములుతూ.

షూలాన్ మొగుడు చున్-ఫా గొడవలంటే భయపడే మనిషి. ఆ సాయంత్రమే ఒక అట్టముక్క మీద, 'ఈ బల్ల దగ్గర కూర్చున్న వ్యక్తి అభిప్రాయాలతో కొట్టుకు సంబంధం లేదు' అని రాసి, పెద్దయ్య కూర్చునే చోట గోడకు అంటించాడు. మర్నాడు పెద్దయ్య అది శ్రద్ధగా చదివాడు. జేబులోంచి పెన్ను తీసి రెండు అక్షరాలు దిద్దాడు. "వంట రాకపోతే పోనీ, రాత అయినా రావద్దూ?" అన్నాడు.

ఇక చున్-ఫా సంగతి. ప్రపంచంలో పెద్దయ్యకు సరిగ్గా వ్యతిరేకమైన నాలుక ఒకటి ఉంటే అది చున్-ఫా నోట్లో ఉంది. ఆయనకు అన్నీ బాగుంటాయి. పెళ్ళయిన కొత్తలో షూలాన్ పరధ్యానంలో చారులో బట్టల సోడా వేస్తే, రెండోసారి పోయించుకున్న ఘనుడు.

నిరుడు కొత్త సంవత్సరం సెలవులు కాగానే షూలాన్‌కు జ్వరం తగిలింది. పదిరోజులు కొట్టు మూశారు. పదకొండోరోజు పొద్దున్నే లేచి, నూనెలో చిన్న ఉల్లిపాయలు వేసి, అటు తిరిగి చేపలు శుభ్రం చేసుకుంటోంది. కాసేపటికి కళ్ళు మండాయి. తిరిగి చూస్తే మూకుడు నిండా పొగ. ఉల్లిపాయలు బొగ్గులయ్యాయి. ఆమెకు మాత్రం ఏ వాసనా రాలేదు.

అల్లం కొరికింది. కొయ్యముక్క నమిలినట్టుంది. సోయా సాస్ చెంచాడు నోట్లో పోసుకుంది. నీళ్ళు. డాక్టరు దగ్గరికి పరుగెత్తితే ఆయన చల్లగా, "వారాల్లో రావచ్చు, నెలలు పట్టచ్చు. కొందరికి రాకపోనూవచ్చు" అన్నాడు.

షూలాన్ ఏనాడూ కొలిచి వండలేదు. వాళ్ళమ్మ కొలవలేదు, ఈమెకు నేర్పనూలేదు. చెయ్యి వేస్తుంది, నాలుక సరిచూస్తుంది, అంతే. ఇప్పుడా నాలుక చచ్చిపోయింది. ఎవరికీ చెప్పలేదు. రుచి తెలియని మనిషి వండుతోందని తెలిస్తే ఆ మెట్టెక్కేదెవరు? చున్-ఫాకు చెబితే, పాపం జాలితోనే, మధ్యాహ్నానికల్లా బజారంతా చెప్పి వస్తాడు.

"ఏవయ్యా, కాస్త ఈ చారు చూడు" అంది.

"బాగుంది."

ఇంకో గుప్పెడు ఉప్పు పోసింది. "ఇప్పుడు?"

"ఇప్పుడూ బాగుంది."

ఇలాంటి మొగుణ్ణి కట్టుకున్నందుకు ఆమె మొదటిసారి ఏడ్చింది.

వారం గడిచేసరికి బల్లలు ఖాళీ అవడం మొదలైంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "చాలా బాగుందమ్మా" అంటూ సగం గిన్నె వదిలేసి, నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. స్కూటర్ మెకానిక్ ఆ-తోంగ్ పదిహేనేళ్ళ ఖాతాదారు. అతను ఎదుటి పేవ్‌మెంటు మీదుగా తల దించుకుని నడిచిపోవడం షూలాన్ కళ్ళారా చూసింది.

మిగిలింది ఎవరయ్యా అంటే, పెద్దయ్య! ఆయన మాత్రం మానలేదు. పైగా పన్నెండింటికి రావలసిన మనిషి పదింటికే రావడం మొదలుపెట్టాడు. పులుసు ఇంకా కుదురుకోకముందే వచ్చి కూర్చుని బల్ల చరుస్తాడు.

"షావుకారమ్మా! అన్నీ ఒక్కో గిన్నె తీసుకురా!"

"ఇంకా వేళ కాలేదు పెద్దయ్యా."

"నీ వంటకు వేళ కూడానా?"

చారు నోట్లో పోసుకోగానే మొహం వికారంగా పెట్టాడు. "ఉప్పు బస్తా కాలు జారి డేగిసాలో పడిందా ఏం? రెండు చెంబుల వేడినీళ్ళు పొయ్యి, లేకపోతే ఈ చేప బతికి సముద్రం అనుకుని ఈదుతుంది!"

షూలాన్ పళ్ళు కొరుక్కుంది. లోపలికి వెళ్ళి రెండు చెంబుల నీళ్ళు పోసింది.

"మాంసంలో చక్కెర ఏదీ? మీ అత్తగారిది తీపి తెలియని ఉత్తరాది ఊరా? గుప్పెడైనా పడకుండా దీన్ని తైనాన్‌లో ఎలా అమ్ముతున్నావు, సిగ్గులేకుండా?"

గుప్పెడు చక్కెర వేసింది.

"అల్లం కోసినదెవరు, వడ్రంగా? సగానికి సగం తగ్గించు."

తగ్గించింది. ఆరోజు మధ్యాహ్నం వచ్చిన ఇద్దరు ముగ్గురూ గిన్నెలు ఖాళీ చేసి వెళ్ళారు.

అప్పుడు షూలాన్‌కు వెలిగింది. ఈ ముసలాడి నోరు ఇన్నాళ్ళకు పనికొచ్చింది! తిట్టుకునేవాణ్ణి తిట్టనిచ్చి, అందులోంచి ఉప్పూ చక్కెరా ఏరుకుంటే సరి. ఇక రోజూ పదింటికి ఆయన రాగానే గిన్నెలన్నీ ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేది. ఆయన తిట్టేవాడు, ఆమె లోపలికి వెళ్ళి సరిచేసేది. మళ్ళీ ఒక గిన్నె తెచ్చి పెట్టేది. "ఇందాకటికంటే కాస్త నయం. ఇందాక పురుగుల మందు, ఇప్పుడు ఉత్త మందు" అంటే, ఇంకాస్త చక్కెర. "ఇది తిని చచ్చినవాడు లేడు గాబట్టి తింటున్నా" అంటే, సరిపోయిందన్నమాట.

ముసలాణ్ణి భలే బోల్తా కొట్టిస్తున్నానని ఆమెకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

నెల తిరిగేసరికి ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. ముందు పళ్ళమ్ముకునేవాళ్ళు, తర్వాత గుడి కావలిదారు, ఆ తర్వాత ఆ-తోంగ్. అలా నాలుగు నెలలు నడిచింది.

జూన్‌లో ఒక పొద్దున వాన వెలిశాక షూలాన్ తలుపు తీస్తే గుప్పుమని మురిక్కాలవ కంపు కొట్టింది. ఆమె ముక్కు మూసుకోబోయి, ఆగి, గుండెల నిండా పీల్చింది. ఇంకోసారి పీల్చింది. కాలవ దగ్గరికి వెళ్ళి వంగి మరీ పీల్చింది. ఎదురుగా షెడ్డు తెరుస్తున్న ఆ-తోంగ్ కంగారుగా వచ్చాడు.

"ఏమైనా పడిపోయిందా అక్కా?"

"కంపు కొడుతోంది ఆ-తోంగ్!" అంది షూలాన్, మొహం వెలిగిపోతూ.

అతను ఆమెను ఎగాదిగా చూసి, "ముక్కు వచ్చేసిందా? హమ్మయ్య. లాయి పెద్దయ్యకు చెప్పావా?" అన్నాడు.

షూలాన్ గిరుక్కున అతనివైపు తిరిగింది. "నా ముక్కు సంగతి నీకెవరు చెప్పారు?"

ఆ-తోంగ్ నాలుక కరుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదని చెప్పేశాడు. చలికాలంలో ఒకరోజు పెద్దయ్య షెడ్డులోకొచ్చి, పని చేసుకుంటున్న మనిషిని లేపి మరీ తిట్టాడట. "పదిహేనేళ్ళు తిన్నావు. నాలుగు రోజులు ఉప్పెక్కువైతే ఎదుటి పేవ్‌మెంటెక్కుతావా? ఆ పిల్లకు జ్వరంలో ముక్కు పోయింది. రేపటినుంచి వచ్చి తిను. ఉప్పు సంగతి నేను చూసుకుంటా. ఆ పిల్లతో ఒక్క ముక్క అన్నావో, నీ స్కూటర్లన్నిటికీ చక్రాలు ఊడతాయి" అన్నాడట. పళ్ళబజారులో, గుళ్ళో కూడా ఇలాగే తిట్టి వచ్చాడట. గుడి కావలిదారైతే భయపడి రోజుకు రెండుపూటలా తింటున్నాడు.

పదింటికి పెద్దయ్య వచ్చి కూర్చున్నాడు. షూలాన్ చారు గిన్నె పెట్టలేదు. ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"మీకు ఎప్పుడు తెలిసింది పెద్దయ్యా?"

"ఏది?"

"ముక్కు సంగతి."

పెద్దయ్య పంకా వంక చూశాడు. గోడ వంక చూశాడు. "మొదటిరోజే. మాడు కంపు కొడుతున్న పులుసును నా అన్నం మీద పోసిచ్చి, బాగుందా అన్నట్టు చూశావు. ఎంత వంట రానిదానివైనా అంత రానిదానివి కాదుగా!"

"మరి చెప్పచ్చుగా?"

"చెబితే? ఏడుస్తావు. కొట్టు మూస్తావు. నేను మళ్ళీ ఆ నూడుల్స్ వాడి దగ్గరికి పోవాలి. నీకోసం చేశాననుకుంటున్నావేమో, ఇంకో కొట్టు వెతుక్కునే ఓపిక లేక చేశా."

షూలాన్ పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది. ఆయనకు ఇబ్బందిగా అనిపించి పీట మీద అటూ ఇటూ సర్దుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి చెప్పాడు. ముప్పయ్యేళ్ళ వయసులో ఆయనకూ అలాగే ముక్కు పోయిందట. రుచి చూసే ఉద్యోగం, ఇంట్లో చంటిపిల్ల, ఎవరికీ చెప్పలేడు. పైన ఒక మేస్త్రీ ఉండేవాడు. పరమ కఠినుడు. ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే వచ్చి, ఏ జాడీ పులిసిందో, ఏది పలచనైందో పేరుపేరునా చెబుతూ, అందరి ముందూ ఈయన్ని తిట్టిపోసేవాడు. ఈయన అవే రాసి సంతకం పెట్టేవాడు.

"వాణ్ణి పొడిచెయ్యాలనుకునేవాణ్ణి. ముక్కు వచ్చాక గాని బుర్రకు ఎక్కలేదు" అన్నాడు పెద్దయ్య.

"మరి ఆయనకు కృతజ్ఞత చెప్పుకున్నారా?"

"చెప్పబోయా. 'నోర్ముయ్' అన్నాడు. మంచిమాట వింటే ఒంటికి దద్దుర్లొచ్చే రకం." అని, తనకేమీ సంబంధం లేనట్టు మోచెయ్యి గోక్కున్నాడు.

షూలాన్ కళ్ళు తుడుచుకుంది. లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. పదకొండేళ్ళుగా దాచుకున్నదంతా గొంతులోకి తెచ్చుకుంది.

"అసలు మీరు మనిషేనా? ఆ చొక్కా చూసుకోండి, పై బొత్తం కింది కాజాలో! ఆ కళ్ళజోడుకు దారం కట్టి ఎన్నేళ్ళయింది? పొద్దున్నే పదింటికి వచ్చి జనాన్ని కాల్చుకుతింటారా? రేపొక్కరోజు ఆలస్యంగా రండి, కాళ్ళు విరగ్గొట్టి ఈ పీటకే కట్టేస్తా!"

పెద్దయ్య మొహం విచ్చుకుంది. అన్ని వానాకాలాల తర్వాత ఎండ చూసినట్టు, మొట్టమొదటిసారి, చిగుళ్ళు కనిపించేలా నవ్వాడు. బొత్తం సరిచేసుకుంటూ, "ఇంకా?" అన్నాడు ఆశగా.

కేకలకు హడలిపోయి చున్-ఫా లోపల్నుంచి గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎందుకు పోట్లాడుకుంటున్నారు?"

"పోట్లాట కాదయ్యా, కృతజ్ఞత చెప్పుకుంటున్నా. నువ్వెళ్ళు" అంది షూలాన్. మళ్ళీ పెద్దయ్య వైపు తిరిగి, ఊపిరి తీసుకుని, చెప్పుల దగ్గర మొదలుపెట్టింది.