నెత్తురు తాగే మృగాన్ని చూసిన చలమయ్య

పోర్టులో కలాసీగా పనిచేసే చలమయ్యకు గొంతు పెద్దది. మాటకు మాత్రం విలువ లేదు. యూనియన్ మీటింగులో అతను మాట్లాడ్డానికి లేస్తే జనం కూడా లేచేవారు, టీ తాగడానికి. తానుండే మల్కాపురం మొత్తం మీద అతని మాట వినేది రాజు ఒక్కటే. అది అతని కుక్క. కారునలుపు, దూడంత ఎత్తు. రాత్రిపూట గొలుసు విప్పి వదిలేసి, "మా రాజుగాడు తిరుగుతుంటే ఈ ఈదిలోకి దొంగనాకొడుకెవడూ రాడు" అని గొప్పలు పోయేవాడు.

1997 ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున పక్క సందులోంచి జోగమ్మ కేక వినబడింది. జోగమ్మ అతని అప్ప, తోడబుట్టిన అక్క. మొగుడు పోయాక మేకల్ని పెంచుకుని బతుకుతోంది. చలమయ్య లుంగీ ఎగ్గట్టి పరిగెత్తాడు. సందు మలుపు తిరిగేసరికి ఆమె పెరటి గోడ మీంచి రాజు దూకింది. మూతికి మేక వెంట్రుకలు. అతన్ని చూసి తోకాడించి, ఇంటివైపు వెళ్లిపోయింది.

పాకలో రెండు మేకలు చచ్చి పడున్నాయి. మెడ మీద గాట్లు, నేల మీద మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఏటైనాదిరా సలమయ్యా? నువ్వేటైనా సూసినావా?" అని అప్ప ఏడుస్తూ అడిగింది.

అప్పటికే వీధి వీధంతా అక్కడ చేరింది. చలమయ్య ఆ జనాన్ని ఓసారి చూశాడు. "నల్లగా ఏటో గోడ దూకి పోనాదప్పా," అన్నాడు.

అందులో అబద్ధమేమీ లేదు. చెప్పకుండా వదిలేసింది పేరు ఒక్కటే.

మధ్యాహ్నానికి ఆ నల్లటిది నెత్తురు తాగే మృగమైంది, దానికి కోరలొచ్చాయి. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవరో "రెక్కలున్నాయా బావా?" అని అడిగితే, చలమయ్య జవాబు చెప్పకుండా గ్లాసు వైపు చూశాడు. అంతే, రెక్కలు మొలిచాయి. జీవితంలో మొదటిసారి జనం అతని చుట్టూ కూర్చున్నారు, మధ్యలో లేచిపోలేదు. ఆ రుచి సారా కంటే ఘాటుగా తలకెక్కింది. ఇంటికెళ్లి రాజుని లోపలి గదిలో గొలుసేసి కట్టేశాడు. "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకూ?" అని పెళ్లాం వరహాలమ్మ అడిగితే, "మృగం దీన్ని పీల్చేత్తాది" అన్నాడు.

పశువుల డాక్టరు హేమశ్రీ వచ్చి గాట్లు చూసింది. "కుక్క కరిచిన గాట్లివి. గొంతు పట్టేస్తే నెత్తురు లోపలే గడ్డకడుతుంది, బయటికి రాదు," అని చెప్పింది. అందరికంటే గట్టిగా ఎదురు తిరిగింది చలమయ్యే. "మేడమ్, కుక్క ఎగురుతాదేటండీ?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె బ్యాగు సర్దుకుని జీపెక్కింది.

కేబుల్ టీవీ దొరబాబు కెమెరాతో దిగాడు. "అది దేనికైనా బయపడతాదా బావా?" అని అడిగాడు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన చలమయ్య నెత్తిన పసుపు హెల్మెట్ ఉంది. "ఇది సూసే నా జోలికి రాలేదు," అన్నాడు. మర్నాటి నుంచి పోర్టులో హెల్మెట్లు మాయం కావడం మొదలైంది. ప్రతి పాకకీ ఒకటి వేలాడింది. ఒకరి పొట్టేలు హెల్మెట్ పెట్టుకుని మేతకు వెళ్లింది. ఇనుము మోసేవాళ్లు మాత్రం ఉత్త నెత్తితో పనిచేశారు. ఒకడి తలకు కుట్లు పడ్డాయి. అదీ మృగం పనే అన్నారు.

రాజు కట్టు మీద ఉన్నన్నాళ్లూ మేకలు చావలేదు. అయినా కాపలా దండు తయారైంది, ముందు చలమయ్య. ఒక సందెవేళ జోగమ్మ పెరటి వెనక ఏదో కదిలింది. "అదిగో!" అంటూ జాలరి వల విసిరారు. వలలో పడ్డది నల్లగా గింజుకుంటోంది, వెనక తెగిన గొలుసు. కర్రలు లేచాయి. అది వలని చింపుకుని, జనం కాళ్ల మధ్య నుంచి దూరి, తిన్నగా వచ్చి చలమయ్య పాదాలు నాకింది.

అంతా ఆగిపోయారు. ఒకడి కర్ర ఇంకా గాల్లోనే ఉంది. చలమయ్య ఆ కుక్క మీదికి వంగి అడ్డం పడ్డాడు.

"కొట్టకండ్రా! ఆ దినం గోడ దూకింది ఈ రాజుగాడే. నాను సూసినాను. సిగ్గయి సెప్పలేదు. రెక్కలూ లేవు, ఏటీ లేవు."

జోగమ్మ తమ్ముడి ముఖంలోకి ఒకసారి చూసి, ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆమె ఒక్కతే నమ్మింది.

మిగతావాళ్లు గుసగుసలాడుకున్నారు. దొరబాబు జాలిగా అతని భుజం తట్టాడు. "దాన్ని సూసినోడు ఇలాగే అయిపోతాడు బావా. మతి పోనాది పాపం." జనం బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నారు. ఇన్నాళ్లు తాము భయపడింది ఒక పెంపుడు కుక్కకని ఒప్పుకోవలసిన పని తప్పింది. మృగం యారాడ కొండ వైపు ఎగిరిపోతుంటే చూశామని ఆ వారంలోనే ఇద్దరు చెప్పారు. వాళ్లనీ కెమెరా ముందు కూర్చోబెట్టారు.

చలమయ్య చాలారోజులు ఎదురుపడ్డ ప్రతివాడికీ నిజం చెప్పి చూశాడు. నవ్వారు, సింహాచలం వెళ్లి దర్శనం చేసుకు రమ్మన్నారు, తాయెత్తు కట్టారు. జోగమ్మ అతనితో మాట్లాడలేదు. అతనూ క్షమించమని అడగలేదు. డ్యూటీ లేని రోజు ఆమె గేటు తీసి మేకల్ని తోలుకుపోయేవాడు, పొద్దుగూకే లోపు తెచ్చి కట్టేసేవాడు. రాజు మూతికి చిక్కం వేసి ఇంట్లోనే ఉంచాడు.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. మూడో ఏడు ఒక మధ్యాహ్నం, మబ్బు కమ్ముతుండగా, కొండ కింద మేకలు మేపుతున్న చలమయ్యకు రోడ్డు మీంచి కేక వినబడింది. జోగమ్మ గోనెపట్టా నెత్తిన కప్పుకుని నిలబడి ఉంది.

"ఓరి ఎర్రోడా, వానొచ్చీసినాది. తోలుకొచ్చీ."